కిటికీ సీటు

నెవిల్‌లాంటి మొగుడితో ముప్ఫయ్యేళ్ళు కాపురం చేసినందుకు ప్రభుత్వం పతకం ఇవ్వకపోతే పోనీ, కనీసం ఇంటి పన్నులో కొంతయినా తగ్గించాలని రేలీన్ వాదన. మనిషి చెడ్డవాడని కాదు. తాగి అరవడు, గుర్రప్పందేలు ఆడడు, ఆవిడ చెల్లెలు వస్తే మొహం ముడుచుకోడు. ఆయనకున్న జబ్బల్లా జాగ్రత్త. ఇంట్లో టోస్టరు మొరాయిస్తే ప్లగ్గు పీకి, ప్లగ్గుకు చిన్న డబ్బా తొడిగి, డబ్బాకు తాళం వేసి, తాళంచెవి జేబులో పడేసుకుని, స్ప్రింగు కొనడానికి బజారుకు పోతాడు. దారిలో ఎవరో కనబడితే పడవల గురించి మాట్లాడుకుని తిరిగొచ్చేసరికి ఆవిడ కాల్చని రొట్టె మింగి, తను మాత్రం బాగా కాలి ఉంటుంది. పెరట్లో గడ్డి కోసేటప్పుడు కూడా గనిలో వేసుకునే మెరుపు పట్టీల నారింజరంగు చొక్కా తొడుక్కుంటాడు. ఒకసారి వీధిలో పోయే కారువాడు రోడ్డు మరమ్మతు అనుకుని వెనక్కి తిప్పుకుపోయాడు.

అలాంటి నెవ్ ఆ మంగళవారం మధ్యాహ్నం, గనిలో ఇద్దరికీ రెండు వారాల డ్యూటీ ముగిసి ఇంటి విమానానికి పోయే బస్సులో, సీటు బెల్టు పెట్టుకున్నాక, పంట్లాం జేబు తడిమి చిన్న ఇత్తడి తాళంచెవి బయటికి తీశాడు. దాన్ని అరచేతిలో పెట్టుకుని, ఏదో పురుగు పాకుతున్నట్టు చూశాడు.

“రే,” అన్నాడు. “నా తాళం బోర్డు మీదే ఉండిపోయింది.”

రేలీన్ కళ్ళు మూసుకునే, “ఏ తాళం?” అంది.

“క్రషరులో రాళ్ళు మోసే బెల్టుది. పొద్దున నేనూ మనావా దాని కింద మట్టి గీకే రేకు మార్చాం కదా. వాడు తనది తీసేశాడు. ఈలోగా నన్ను వర్క్‌షాపుకు పిలిచారు.”

ఆవిడ కళ్ళు తెరిచింది. గనిలో ఏ యంత్రం కింద దూరాలన్నా ముందు దాని కరెంటు ఆపి, బోర్డు మీద ఎవరి తాళం వాళ్ళు వేసుకోవాలి. తాళం మీద పేరు, ఫొటో. పనయ్యాక వేసినవాళ్ళే తియ్యాలి. మొగుడిది పెళ్ళాం తియ్యడానికి లేదు, నౌకరుది మేనేజరు తియ్యడానికి లేదు. ఒక్క తాళం మిగిలినా బెల్టు తిరగదు. లోపల మనిషి ఉన్నట్టే లెక్క. మరిచిపోయినవాడికి మందలింపుతో సరి. తాళంచెవి ఇంకొకరి చేతిలో పెట్టినవాడికి, ఇంకొకరి తాళం తీసినవాడికి మాత్రం విమానమే. అక్కడ ఎవరూ ఉద్యోగం ఊడిందని అనరు. కిటికీ సీటు దొరికిందంటారు.

బస్సు క్రషరు ఆఫీసు ముందు ఆగింది. తల తడారని మనుషులు ఇద్దరు సంచులతో ఎక్కుతున్నారు. నెవ్ బెల్టు విప్పాడు.

“దిగుతున్నావా?”

“దిగకపోతే ఎలా?”

“దిగితే విమానం పోతుంది.”

“పోతుంది.”

“పోయినసారి కళ్ళద్దాల కోసం దిగావు. మరుసటి రోజుదాకా ఆ రేకుల గదిలో నీ గురక వింటూ కూర్చున్నాను. నావల్ల కాదు నెవ్.”

రెండు వారాలుగా ఆవిడకు కలల్లో కనిపిస్తున్నది మనవలు కాదు, మాండూరాలోని ఇంట్లో ఉన్న స్నానాల తొట్టి. పొద్దుటినుంచి సాయంత్రందాకా డంపరు సీట్లో ఎగిరెగిరి పడిన నడుము ఆ తొట్టి కోసం మూలుగుతోంది. చెవుల్లో ఎర్ర దుమ్ము ఇంకా అలాగే ఉంది. అద్దంలోంచి చూస్తే, ఆఫీసు నీడలో మనావా నిలబడి డబ్బా కాఫీ తాగుతున్నాడు. అతనికి ఇంకో వారం పని ఉంది.

“ఇటివ్వు,” అంది. నెవ్ అరచేతిలోంచి తాళంచెవి తీసుకుంది. ఆయన వేళ్ళు ముడుచుకోబోయి ఆగిపోయాయి. ఆవిడ అప్పటికే కునుకు తీస్తున్నవాళ్ళ సీట్ల మధ్యనుంచి నడిచి తలుపు దగ్గరికి వెళ్ళింది.

“మనావా! ఇదుగో, నెవ్ తాళం తీసేసి వాడి అలమరలో పడెయ్ నాయనా.”

“ఆంటీ, అది మరి…”

“ఆంటీ లేదు, గీంటీ లేదు. నీకూ నాకూ మధ్య ఎంతుందేం తేడా? పట్టుకో.”

పట్టుకున్నాడు. అతని దేశంలో పెద్దవాళ్ళు చేతిలో ఏదైనా పెడితే పట్టుకోవడమే అలవాటు. తలుపు బుస్సుమని మూసుకుంది. రేలీన్ వచ్చి కూర్చునేసరికి నెవ్ నోరు సగం తెరుచుకుని ఉంది.

“అలా చెయ్యకూడదు రే.”

“చేసేశాను. బెల్టు పెట్టుకో.”

ఆయన పెట్టుకున్నాడు.

మర్నాడు ఆవిడ తొట్టిలో ఉండగానే ఫోన్ మోగింది. గనిలో గదులు తుడిచే మేవిస్. గనిలో ఏ గదిలో ఎన్ని దిండ్లున్నాయో, ఏ మనిషి మనసులో ఏముందో మేవిస్‌కు తెలియనిది లేదు.

“పడుకున్నావా, కూర్చున్నావా?” అంది మేవిస్.

“నానుతున్నాను.”

“అయితే మునిగిపోకు. మనావాకి కిటికీ సీటు ఇచ్చేశారు.”

రేలీన్ లేచి కూర్చుంది. నీళ్ళు నేల మీద ఒలికాయి.

“షోనా చూసేసిందే,” అంది మేవిస్. షోనా క్రషరు మొత్తానికి పెద్ద సూపర్‌వైజరు. “బోర్డు దగ్గర మీ ఆయన ఫొటో ఉన్న తాళం వాడి చేతిలో ఉందిట. తాళంచెవి ఎవరిచ్చారంటే ఎవరూ ఇవ్వలేదు, తాళంలోనే వేలాడుతుంటే తీశానన్నాట్ట. నెవ్ తాళంలో చెవి వదిలేశాడంటే నమ్మేవాళ్ళు గడ్డి తింటున్నట్టే. అయినా ఎవడికి కావాలి? కాంట్రాక్టు మనిషి. కూర్చోబెట్టి అడిగే మర్యాద కూడా లేదు. అదే కంపెనీ మనిషయితే విచారణ, సాక్షులు, టీ, బిస్కెట్లు. వాడి గది నేనే ఖాళీ చేశాను. పాపం, పక్క కూడా మడతపెట్టి పోయాడు.”

నెవ్ పెరట్లో ఉన్నాడు. కొళాయి ముందు కూర్చుని దాన్ని విప్పుతున్నాడు. కొళాయి బాగానే ఉంది. రేలీన్ తువ్వాలు చుట్టుకుని, కాళ్ళకు గడ్డి అంటుకుంటుండగా వెళ్ళి సంగతి చెప్పింది. ఆయన రెంచి కింద పెట్టాడు.

“చెవి తాళంలో వేలాడలేదు,” అన్నాడు.

“నాకు తెలీదా?”

“నా కోసం అబద్ధమాడాడు.”

“ఆడాడు. ఇద్దరు పిల్లలు వాడికి, అందులో చిన్నదానికి ఇంకా పాలపళ్ళు కూడా ఊడలేదు. వెళ్ళగానే నువ్వు చెప్పెయ్యాలి నెవ్.”

“ఏమని?”

“తాళం మరిచిపోయింది నేను, తాళంచెవి ఇచ్చింది నేను అని.”

నెవ్ తలెత్తి ఆవిడ వైపు చాలాసేపు చూశాడు. ఎండకు కళ్ళు చికిలించాడేమో అనుకుంది.

“నేనిచ్చానా?”

“నీ తాళంచెవే కదా!”

“ఊఁ,” అన్నాడు నెవ్. మళ్ళీ రెంచి తీసుకున్నాడు.

ఆ వారమంతా ఆయన బాగున్నవన్నీ బాగుచేశాడు. గేటు కీళ్ళకు నూనె, వాననీటి గొట్టానికి కొత్త మూత, పక్కింటివాళ్ళ గేటుకు కూడా నూనె. రేలీన్ తొట్టి నింపుకుంటుంది, కాలు పెడుతుంది, తీస్తుంది. నీళ్ళు చల్లారిపోతాయి. సూపర్ బజారుకు పాల కోసం పోయి మూడు రకాల ఆవాల ముద్ద, గొడుగు కొనుక్కొచ్చింది. పాలు తేలేదు. సముద్రం ఒడ్డున నడవడానికి వెళ్ళి కారు దిగకుండానే తిరిగొచ్చింది. తన తప్పు కాదని తనకు బాగా తెలుసు. తాళం ఎవరిది? నెవ్‌ది. మరిచిపోయిందెవరు? నెవ్. మధ్యలో తన చెయ్యి ఉన్న మాట నిజమే. పోస్టు తెచ్చేవాడి చెయ్యి కూడా మధ్యలో ఉంటుంది, ఉత్తరంలో ఏమున్నా వాణ్ణి ఎవరూ తిట్టరు కదా!

తిరిగి వెళ్ళే రోజు పెర్త్ విమానాశ్రయంలో తెల్లవారకముందే జనం. అందరూ నారింజ చొక్కాలు, అందరూ నిద్రమొహాలు, అందరి చేతుల్లో మాంసం కూరిన రొట్టెలు. విమానంలో నెవ్ కళ్ళు మూసుకోలేదు. కింద ఎర్రమన్ను మొదలై, గుట్టలు మొదలై, ఆ గుట్టల్లో మెట్లు మెట్లుగా తవ్విన గొయ్యి కనిపించేదాకా ముందు సీటు వెనక అంటించిన ప్రమాద సూచనలు చదువుతూనే ఉన్నాడు. అవి ఆయనకు కంఠతా వచ్చు.

దిగాక గొట్టంలో ఊదారు. మద్యం లేదని మిషను పచ్చగా వెలిగింది. షోనా ఆఫీసు తలుపు దగ్గర నిలబడి, “నెవ్, ఒకసారి వస్తావా?” అంది.

“చెప్పెయ్,” అంది రేలీన్ నోట్లోనే.

ఆయన లోపలికి వెళ్ళాడు. రేలీన్ బయట ఎండలో నిలబడి ఈగల్ని తోలుకుంది. తలుపు అద్దంలోంచి నెవ్ వీపు కనిపిస్తోంది. ఆ వీపు కదలడం లేదు. షోనా రాసుకుంటోంది. కాసేపటికి ఆయన బయటికొచ్చాడు, టోపీ పెట్టుకున్నాడు.

“ఏమన్నావు?”

“అడిగారు, చెప్పాను.”

“ఏం చెప్పావు?”

“విచారణ అయ్యేదాకా ఎవరితోనూ మాట్లాడొద్దన్నారు. సంతకం పెట్టాను.”

“నాతో కూడానా?”

“నీతో ముఖ్యంగా.”

“నేను నీ పెళ్ళాన్ని!”

“రూల్లో అలా లేదు రే,” అన్నాడు నెవ్ ఎంతో విచారంగా, ఆ రూలు తనే రాసినట్టు.

ఇంకో మొగుడైతే కళ్ళతోనైనా చెబుతాడు. ఈయన కళ్ళకు కూడా తాళం వేసుకున్నాడు. ఆవిడకు అర్థమైపోయింది. నిజం చెప్పిన మనిషిని ఆ పూటే పంపించేస్తారు. ఈయన్ని పంపలేదు. వర్క్‌షాపులో కూర్చోబెట్టి బోల్టులు సైజుల వారీగా ఏరమన్నారంతే. అంటే తాళంలో వేలాడుతోందన్న మాటకే తలూపి వచ్చాడు.

మర్నాడు డంపరు ఎక్కింది. ఎక్కడమంటే రెండంతస్తుల మేడ ఎక్కడమే. ఇంజను వెయ్యబోయే ముందు ఒక హారను, ముందుకు కదలడానికి రెండు, వెనక్కు మూడు. రాయి తవ్విపోసే షవల్ దగ్గర అద్దంలో చూసుకుంటూ మెల్లగా వెనక్కి నడిపి, బండిని దాని తొట్టి పళ్ళ కిందికి సరిగ్గా పెట్టింది. మొదటి తొట్టెడు రాయి పడగానే బండి మోకాళ్ళు వంచినట్టు దిగి లేచింది. సీటు ఎగిరింది, నడుము కలుక్కుమంది. బరువెక్కిన బండిని ఏటవాలు దారంట క్రషరుకు ఎక్కించింది. ఎర్ర దీపం. ఆగింది. ఎదురుగా మెట్ల వరుసలు, వాటి మీద నారింజ చొక్కాలు. ఎప్పుడూ అయితే నెవ్ ఎవరో నడకను బట్టే పోల్చేది. ప్రతి మెట్టుకూ కడ్డీ పట్టుకునేవాడు ఆయనొక్కడే. ఇవాళ అందరూ కడ్డీ వదిలేసి నడుస్తున్నారు. పచ్చ దీపం వెలిగింది. వెనక వాడు హారను కొట్టేదాకా ఆవిడ చూసుకోలేదు.

“రేలీన్, నిద్రా?” రేడియోలో రాస్ అనే డ్రైవరు గొంతు. “క్రషరు దగ్గర తాళంచెవి ఒకటి దొరికిందట, మీ ఆయనదేమో కనుక్కో. ఓహో, ఆయనవి తాళాల్లోనే వేలాడుతుంటాయి కదూ!”

ఎవరో నవ్వి రేడియో కట్టేశారు. రేలీన్ మూడు హారన్లు కొట్టి, వెనక్కి నడిపి, బండి తొట్టి పైకెత్తింది. ఆ రాళ్ళన్నీ రాస్ మీద పడుతున్నట్టు ఊహించుకుంటే కొంచెం హాయిగా ఉంది. అంతలోనే చెవులు కాలాయి. ఇలాంటి మాట పడాల్సిన మనిషా తను? మొగుడి పిరికితనానికి పెళ్ళాం మీద జోకులు!

సాయంత్రం మెస్‌లో గొర్రెమాంసం, గుమ్మడికాయ, బఠాణీలు. ఆయనా ఆవిడా పళ్ళేలు తీసుకుని కూర్చోగానే, మనావాతో పనిచేసే ముగ్గురు తమ పళ్ళేలెత్తుకుని వేరే బల్లకు పోయారు. నెవ్ బఠాణీలు తిన్నాడు. ఒక్కొక్కటీ.

“ఎలా దిగుతోంది నీకు గొంతులోంచి?” అంది రేలీన్.

“కొంచెం ఉడకలేదు,” అన్నాడు నెవ్.

మొగుడూ పెళ్ళాలకు రెండు పక్కపక్క గదులిచ్చి మధ్య గోడకు తలుపు పెట్టడం ఆ గనిలో పెద్ద సౌకర్యం. ఎనిమిదేళ్ళు ఎదురుచూస్తే దొరికింది. ఆ సాయంత్రం రేలీన్ ఆ తలుపు మూసి గడియ పెట్టింది. బయట తెల్ల చిలకలు కొమ్మకొకటి కూర్చుని కాకుల్ని మించి అరుస్తున్నాయి. మంచం మీద కూర్చుంది, లేచింది, ఏసీ పెంచింది, తగ్గించింది. చొక్కాలు మడతపెట్టి మళ్ళీ విప్పింది. తలుపు మీద చిన్నగా తట్టిన చప్పుడు.

“పళ్ళ పేస్టు నీ వైపుండిపోయింది.”

తీసింది. నెవ్ చేతిలో బ్రష్షు. ఆయన అంత మామూలుగా నిలబడటం చూసేసరికి ఆవిడకు ఒళ్ళు మండిపోయింది.

“నీకు సిగ్గుగా లేదూ? వాడు నీకోసం ఉద్యోగం పోగొట్టుకున్నాడు. నువ్విక్కడ పళ్ళు తోముకుంటున్నావు. నోరు తెరిచి ‘ఇచ్చింది నేను’ అని ఒక్క మాట అంటే అరిగిపోతావా?”

నెవ్ బ్రష్షు వైపు చూశాడు.

“ఇచ్చింది నేను,” అన్నాడు.

“నాతో కాదు, వాళ్ళతో!”

ఆయన పేస్టు తీసుకుని, “పడుకో రే, పొద్దున్నే షిఫ్టు,” అని వెళ్ళిపోయాడు. తలుపు ఆయనే మెల్లగా దగ్గరికి వేశాడు. ముప్ఫయ్యేళ్ళూ ఈ మనిషి జాగ్రత్తనంతా మంచితనం అనుకుని మోసపోయానని ఆవిడకు ఆ నిమిషంలో ఖాయంగా అనిపించింది. అలా ఖాయంగా అనిపించినా నిద్ర రాలేదు. అదే విచిత్రం.

ఇంకో రోజు అలాగే గడిచింది. ఆ మర్నాడు మధ్యాహ్నం క్రషరు దగ్గర ఎర్ర దీపం ముందు బండి ఆపి ఉండగా, కింద ఆఫీసు పక్కన తెల్ల పికప్ బండి వచ్చి ఆగడం చూసింది. షోనా నడుపుతోంది. పక్కన నెవ్. ఒళ్ళో నీలం ప్రయాణపు సంచి. గది ఖాళీ చేసినవాళ్ళే సంచి ఒళ్ళో పెట్టుకుంటారు. బండి గేటు దగ్గర ఆగితే నెవ్ దిగి, తన గుర్తింపు కార్డు మెడలోంచి తీసి, దాని తాడు చక్కగా చుట్టి, కాపలావాడికి ఇచ్చాడు. బండి ఎయిర్‌స్ట్రిప్ వైపు తిరిగింది. వెనక ఎర్ర దుమ్ము లేచింది.

రేలీన్ రేడియో మైకు చేతిలోకి తీసుకుంది. ఎవర్ని పిలవాలి, ఏమని పిలవాలి? పచ్చ దీపం వెలిగింది. మైకు పెట్టేసి మూడు హారన్లు కొట్టింది. షిఫ్టు అయ్యేదాకా ఇంకెన్ని లోడ్లు పోసిందో తెలీదు. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. నిజం చెబితే ఆ పూటే పంపుతారనుకుంది. చెప్పకపోతే పంపరనుకుంది. మరి ఇప్పుడెందుకు పంపారు? అబద్ధం బయటపడిందేమో. పడాల్సిందే. అనుకుంది గానీ ఆ మాటలో ఆవిడకు కావలసిన రుచి లేదు.

మెస్‌లో ఒంటరిగా పళ్ళెం పట్టుకుని నిలబడింది. ఎదురుగా ఒక పళ్ళెం వచ్చి బల్ల మీద ఆగింది. దాని నిండా గుమ్మడికాయ.

“ఆంటీ,” అన్నాడు మనావా.

ఆవిడ కుర్చీలో కూలబడింది. “నువ్వా! ఎప్పుడొచ్చావు?”

“ఇవాళ విమానంలోనే. షోనా ఫోన్ చేసింది, పనిలోకి రమ్మంది. కాగితం మీద ఒక మందలింపు రాసిచ్చారు, అంతే.” అతను కూర్చుని తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. “నెవ్ మొదటిరోజే చెప్పేశాట్ట కదా. దిగీ దిగగానే. ‘తాళంచెవి నేనే వాడి చేతిలో పెట్టాను, వాడు వద్దంటున్నా నేనే పైవాణ్ణి గనక తియ్యమన్నాను’ అని.”

“మొదటిరోజా?”

“నీకు చెప్పలేదా?”

రేలీన్ ఫోర్కు పట్టుకుని, ఏం పొడవాలో తెలియక పళ్ళెం అంచును గీసింది.

“కంపెనీ మనిషి కదా, పద్ధతి ప్రకారం విచారణ పెట్టారు,” అన్నాడు మనావా. “నాకైతే అరగంట కూడా పట్టలేదు. నేను విమానం దిగుతుంటే ఆయన ఎక్కుతున్నాడు. మెట్ల దగ్గర పట్టుకుని, ‘నెవ్, అలా కాదు కదా జరిగింది’ అన్నాను. ‘నువ్వు కాఫీ తాగుతున్నావు, నీకేం కనబడలేదు’ అన్నాడు. నవ్వాడు కూడా.” అతను గొంతు తగ్గించాడు. “నేను ఎవరికీ ఏం చెప్పలేదు ఆంటీ. వాళ్ళు అడగనూ లేదు. వాళ్ళకు ఒక సీటు నిండాలి, నిండింది.”

“నువ్వేం చెప్పకు.”

“సరే.” కాసేపు తిన్నాడు. తర్వాత తన కేకు ముక్క ఉన్న గిన్నె ఆవిడ ముందుకు జరిపాడు. “తిను. మొహం అలా పెట్టుకోకు. నువ్వు ఆరోజు కూడా నాకేం చెడు చెయ్యాలని ఇవ్వలేదుగా.”

ఆ మాట కన్నా ఒక తిట్టు తిట్టి ఉంటే ఆవిడ ఆ కేకు తినేది.

గది మెట్ల మీద కూర్చుని ఫోన్ చేసింది. పొద్దు ఇంకా పూర్తిగా వాలలేదు. గుట్టలు ఎర్రగా ఉన్నాయి. నెవ్ రెండో మోతకే తీశాడు.

“ఇల్లు చేరావా?”

“చేరాను. పాలు లేవు. గొడుగెందుకు రే రెండోది?”

“నెవ్, నాకెందుకు చెప్పలేదు?”

“సంతకం పెట్టాను కదా.”

“ఇప్పుడు?”

“ఇప్పుడు రూలు లేదు. ఉద్యోగమే లేదు.” ఆయన కెటిల్ పెట్టిన చప్పుడు వినబడింది. “నేనే ఇచ్చానని చెప్పాను. నువ్వేం చేస్తున్నావని అడిగారు. పక్క సీట్లో నిద్రపోతోందన్నాను. బస్సెక్కగానే నువ్వు నిద్రపోతావని అందరికీ తెలుసు, నమ్మేశారు.”

“అబద్ధమాడావా? నువ్వు?”

“ఆడాను. చెమటలు పట్టాయి.”

“ఎందుకు?”

“ఇద్దరికీ కిటికీ సీట్లిస్తే పక్కపక్కన కూర్చోవడం కుదరదు కదే.” ఆవిడ నవ్వలేదు. ఆయన గొంతు సవరించుకున్నాడు. “ఒకళ్ళమన్నా పనిలో ఉండాలి రే. నాకీ వయసులో ఇంకో గనివాళ్ళు ఇస్తే ఇస్తారు, లేకపోతే లేదు. నువ్వు నోరు విప్పకు. మనావా వచ్చేశాడుగా. అయిపోయింది.”

“నిన్ను నేనన్న మాటలు…”

“నువ్వు అడగలేదు, తిట్టావు. తిట్టేదానికి సమాధానం ఏం చెప్పను?” కోపం లేదు ఆ గొంతులో. బోల్టు సైజు చెబుతున్నట్టు చెప్పాడు. “తాళంచెవి నాదే కదా, నువ్వన్నట్టు. దిగిపోవాల్సింది, దిగలేదు. పడుకో.”

ఆవిడ ఫోన్ పెట్టేసి అక్కడే కూర్చుంది. పక్క గదిలోకి వెళ్ళి చూసింది. మంచం మీద పరుపు ఒట్టిగా ఉంది. మేవిస్ అప్పుడే దుప్పట్లు తీసుకుపోయింది. రేలీన్ తన గదిలోకొచ్చి సంచి తీసింది. నాలుగు చొక్కాలు పెట్టింది. మళ్ళీ తీసి అలమరలో పెట్టింది. ఆవిడ నోరు విప్పకపోతే ఇల్లు నడుస్తుంది, డంపరు నడుస్తుంది, మనావా నడుస్తాడు, అందరూ నడుస్తారు. నెవ్ ఒక్కడే గేటు కీళ్ళకు నూనె వేస్తూ, తను చెయ్యని పనికి చెడ్డపేరుతో ఏ గని గేటూ తెరుచుకోక ఉండిపోతాడు. నోరు విప్పితే రేపటి విమానం తనది. నెవ్‌కు మరిచిపోయినందుకు ఒక మందలింపుతో తాడు చుట్టిన ఆ కార్డు తిరిగిస్తారేమో, ఇవ్వరేమో. సంచిలో చొక్కాలు మళ్ళీ పెట్టింది.

తెల్లవారుతుండగా మీటింగు గదిలో అందరూ చేరారు. డంపరు డ్రైవర్లు, ఫిట్టర్లు, కాంట్రాక్టు వాళ్ళు. చేతుల్లో కాఫీ, గదంతా ఎండకు రాసుకునే క్రీము వాసన. రాస్ గోడకు ఆనుకుని ఆవలిస్తున్నాడు. మనావా వెనక వరసలో ఉన్నాడు. షోనా తెర మీద బోర్డు ఫొటో వేసి, జరిగిందాన్ని పేర్లు లేకుండా చెప్పింది. ఒక సీనియరు ఫిట్టరు తన తాళంచెవిని ఇంకొకరికి ఇచ్చాడు, అనుభవం ఉన్నవాళ్ళే ఇలా చెయ్యడం బాధాకరం, దీన్నుంచి మనందరం నేర్చుకోవాలి. పేర్లు లేకపోయినా అందరి కళ్ళూ రేలీన్ వైపు ఒకసారి వచ్చి, మర్యాదగా వెనక్కి పోయాయి.

“ఎవరైనా ఏమైనా చెప్పాలా?” అంది షోనా, తెర ఆపుతూ. రోజూ అడిగే మాటే. రోజూ ఎవరూ ఏమీ చెప్పరు. కుర్చీలు వెనక్కి జరగడం అప్పటికే మొదలైంది.

రేలీన్ చెయ్యెత్తింది. ఎత్తిన చేతిలో కాఫీ కప్పు ఉందని చూసి రెండో చేతిలోకి మార్చుకుంది.

“ఆరోజు బస్సులో నేను నిద్రపోలేదు,” అంది.

కుర్చీల చప్పుడు ఆగింది.

“రేలీన్, కావాలంటే ఆఫీసులో మాట్లాడుకుందాం,” అంది షోనా.

“వద్దు షోనా. ఆయన్ని అన్నవి ఇక్కడే అన్నారు, ఇక్కడే వినాలి.” ఆవిడ రాస్ వైపు చూడలేదు. ఎవరి వైపూ చూడలేదు. “నెవ్ దిగిపోతానన్నాడు. దిగబోతుంటే ఆయన చేతిలోంచి తాళంచెవి లాక్కుని తలుపు దగ్గరికెళ్ళి మనావాకి ఇచ్చింది నేను. వాడు ఏదో అనబోతే నోరు మూయించాను. నాకు విమానం కావాలి, అంతే. ఇంకే కారణం లేదు. తర్వాత వారమంతా, నువ్వే ఇచ్చావు, నువ్వే చెప్పు, నీకు సిగ్గు లేదా అని ఆయన్నే పట్టుకుని పీక్కుతిన్నాను.”

కాఫీ కప్పు పక్క కుర్చీ మీద పెట్టింది.

“ఆయన్ది కాదు. మనావాది అసలే కాదు. తప్పు నాది.”